లాడాలాయన పెట్టిన ఒకే ఒక్క పందెం

మా బావ జన్మలో పందెం కాయలేదు. నలభై ఒక్క ఏళ్ళు గుర్రాల కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. గిట్ట ఒళ్ళో పెట్టుకుంటే చాలు, ఆ గుర్రం ఈ వారం ఉరుకుతుందో చతికిలబడుతుందో చెప్పేసేవాడు. అయినా పందేల కౌంటరు ముందు ఎప్పుడూ నిలబడలేదు. పెట్టింది ఒకే ఒక్క పందెం. దాంతో ఆయన పేరు రేసుకోర్సు గేటు పక్కన బోర్డెక్కింది. మోసగాళ్ళ జాబితాలో పైనుంచి మూడోది. ఆ బోర్డు రాసినవాడికి తెలియని సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. నాకు కోపం కాస్త ఎక్కువ, ఎక్కడైనా నోరు జారితే సర్దుకోండి.

ఆయన్ని అందరూ లాడాలాయన అనేవాళ్ళు. గుర్రాలకి లాడాలు కొట్టడం ఆయన పని. నా భార్యకి సొంత అన్న, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను జీనులు కుట్టేవాణ్ణి. రేసుకోర్సు వెనక గోడని ఆనుకుని మావి రెండు రేకుల షెడ్లు. ఒకదాంట్లో ఆయన కొలిమి, దాగలి, ఆకురాయి. ఇంకోదాంట్లో నా తోళ్ళు, సూదులు, మైనం. మధ్యలో గోడ లేదు, ఒక చెక్కబల్ల ఉంది. ఇరవై ఏడేళ్ళు ఆ బల్ల మీదే ఇద్దరం భోజనం చేశాం. "మా చెల్లెల్ని నీకిచ్చిన రోజే అనుకున్నా బావా, తోలు పని చేసేవాడికి తోలు మందంగానే ఉంటుందని" అనేవాడు. నేను ఊరుకుంటానా? "నీకు చెవులు రెండూ అలంకారానికే ఇచ్చాడు దేవుడు, మనిషి పిలిస్తే పలకవు, మేకు పిలిస్తే పలుకుతావు" అనేవాణ్ణి.

మేకు సంగతి నిజమే. లాడం కొట్టడం చూసేవాళ్ళకి మోటుపనిలా ఉంటుంది. గిట్ట అంచు మన గోరులాగే గట్టిగా ఉంటుంది, దాని లోపల మెత్తటి మాంసం. మేకు ఆ గట్టి అంచులోనే దిగి పక్కనుంచి బయటికి రావాలి. వెంట్రుకవాసి లోపలికి పోయిందంటే మాంసాన్ని నొక్కుతుంది. గుర్రం అప్పటికప్పుడు ఏమీ అనదు. కొన్ని గంటలకి సలుపు మొదలవుతుంది, నడకలో అదీ కనపడకపోవచ్చు. పరుగులో, మలుపు దగ్గర ఒంటి బరువంతా ఆ కాలి మీద పడ్డప్పుడు కాలు వదిలేస్తుంది. అప్పుడు పైనున్న మనిషి గతేమిటో వేరే చెప్పక్కర్లేదు. మేకు ఎటు పోతోందో కంటికి కనపడదు, చెవికే తెలియాలి. గట్టి అంచులో దిగే మేకు దెబ్బదెబ్బకీ ఖణేల్‌మంటుంది. మెత్తదనంలోకి పోతే శబ్దం అణిగిపోతుంది.

ఆయన పనిలో చేరిన కొత్తలో, పని నేర్పిన గురువే ఒక తప్పు మేకు కొట్టాడు. శబ్దం గురువూ విన్నాడు, ఈయనా విన్నాడు. గురువు సిగ్గుపడి నోరెత్తలేదు. చిన్నవాణ్ణి కదా అని ఈయనా ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం జాకీ కింద పడి మోకాలి దగ్గర్నుంచి కాలు పోగొట్టుకున్నాడు. ఆ జాకీయే తర్వాత చాలా ఏళ్ళు గేటు దగ్గర కూర్చుని రేసు కాగితాలు అమ్మాడు. మా బావ రోజూ ఆయన దగ్గర ఒక కాగితం కొనేవాడు. మడిచి జేబులో పెట్టుకునేవాడే గానీ ఒక్కటీ చదవలేదు.

గురువు పోయాక మా బావ ఒక పద్ధతి పెట్టాడు. ఏ గుర్రం కాలి మీద అనుమానం వచ్చినా దాని లాయం తలుపు మీద సుద్దముక్కతో అర్ధచంద్రుడిలా లాడం బొమ్మ గీసి, దానికి అడ్డంగా ఒక గీత గీసేవాడు. ఈ గుర్రాన్ని ఇవాళ పరిగెత్తించొద్దని అర్థం. తప్పెవరిదో ఆ గీత చెప్పదు. గుర్రాన్ని సాకే సైసుది కావచ్చు, యజమానిది కావచ్చు, ఆయనదే కావచ్చు. ఎవరూ అడగకూడదు. అడిగితే రేపు తప్పు చేసినవాడు దాచుకుంటాడు. జాకీ ఆ గుర్తు చూశాక దాన్ని రెండు వేళ్ళతో ముట్టుకోవాలి. సుద్ద కాస్త చెరిగితే కబురు అందిందని మా బావకి తెలుస్తుంది. ముప్పై తొమ్మిదేళ్ళలో ఆ గీతని ఏ ట్రైనరూ కాదనలేదు.

ఇక మా అమ్మాయి. ఎముకలూ చర్మమూ తప్ప ఒంట్లో ఏమీ లేదని అందరూ పిచ్చిక అనేవాళ్ళు. జాకీ అవుతానంది. వాళ్ళమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు మా బావ వచ్చి వాకిట్లో చెప్పులు విప్పకుండానే అన్నాడు: "చెల్లెమ్మా, పైన కూర్చునేది నీ కూతురు. కింద కాళ్ళు నా పూచీ. అది ఎక్కే ప్రతి గుర్రానికీ లాడం నా చేత్తోనే పడుతుంది." భార్య చనిపోయి పిల్లల్లేని మనిషి, ఆయనకి ఉన్నదల్లా ఈ మేనకోడలే. అన్న మాట విని నా భార్య కంచం ముందు కూర్చుంది. పిచ్చిక ఆరేళ్ళు గుర్రాలెక్కింది. ఒక్కసారి కూడా కాలు తప్పిన గుర్రం దాని కింద పడలేదు.

అప్పుడొచ్చింది కొత్త చట్టం.

అంతకుముందు గుర్రం గెలుస్తుందని మాత్రమే పందెం కాయొచ్చు, అదీ కోర్సులో కౌంటరు దగ్గర. కొత్త చట్టంలో గుర్రం ఓడిపోతుందని కూడా కాయొచ్చన్నారు. ఇంట్లో మంచం మీద పడుకుని ఫోనులో కాయొచ్చు, గుర్రాలు పరిగెడుతుండగా కూడా కాయొచ్చు. ఎలాగూ చాటుగా ఆడుతున్నారు, చట్టంలోకి తెస్తే పన్నైనా వస్తుందని పెద్దలు ఉపన్యాసాలిచ్చారు. ఆ పన్నుతో ఆసుపత్రులు కడతామన్నారు. కట్టండి, ఆసుపత్రుల అవసరం బాగానే పడుతుందని నేను షెడ్డులో కూర్చుని అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఒక గుర్రాన్ని గెలిపించాలంటే వందమంది చెయ్యి వెయ్యాలి, ఓడించడానికి ఒక్కడు చాలు. ఈ చిన్న లెక్క ఆ పెద్దల బుర్రలకి ఎందుకు అందలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి నెలలోనే లాయాల చుట్టూ కొత్త మొహాలు మొదలయ్యాయి. మా బావ గీసిన గుర్తుల్ని ఫోనుల్లో ఫొటోలు తీసుకుపోయేవాళ్ళు. ఓడే గుర్రం ఏదో తలుపు మీద రాసిపెట్టి ఉంటే ఎవడు వదులుతాడు? రెండో నెలకి ఇంకా తెలివి మీరారు. బాగున్న గుర్రాల తలుపుల మీద వాళ్ళే దొంగ గీతలు గీసి, జనం వాటిని వదిలేశాక తాము గెలుపు మీద కాసేవాళ్ళు. మా బావ రెండు గీస్తే తెల్లారేసరికి తలుపుల మీద పదకొండు ఉండేవి. ఈయన తడిగుడ్డ పట్టుకుని దొంగవి తుడుస్తూ తిరిగేవాడు. వెనకనుంచి మళ్ళీ గీసేవాళ్ళు. నాన్నా పులి కథ చివరికి వచ్చింది. జాకీలు గీతని ముట్టుకోవడం మానేశారు. పిచ్చిక కూడా నవ్వేది. "మావయ్యా, నీ చంద్రుడికి ఈమధ్య అమావాస్యే లేదు" అనేది. ఆయన కూడా నవ్వేవాడు గానీ ఆ రోజుల్లో భోజనం సగంలో లేచిపోయేవాడు.

మూడో నెలలో నిఘా విభాగమని ఒకటి పెట్టి మమ్మల్నందరినీ మీటింగుకి పిలిచారు. ఇస్త్రీ చొక్కా అధికారి ఒకాయన నిబంధనలు చదివాడు. తలుపుల మీద గీతలు నిషేధం. గుర్రం గురించి ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి నిఘా ఆఫీసులో ఇవ్వాలి. రేసు రోజు పన్నెండింటికి జాకీల ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఆ తర్వాత గుర్రానికి పని చేసినవాళ్ళూ, జాకీ బంధువులూ లోపలి ఆవరణలో అడుగు పెట్టకూడదు. చివర్లో ఆయన ఛాతీ విరుచుకుని అన్నాడు: "మీలో ఎవరైనా మీ చెయ్యి పడిన గుర్రం మీద ఒక్క నోటు కాసినా సరే, మా దగ్గర గంట మోగుతుంది. గుర్రం ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. మా యంత్రానికి మొహమాటం లేదు." నేను పక్కకి వంగి, "నీకోసం గంట కట్టారు బావా" అన్నాను. గుడ్డిగుర్రానికి పళ్ళు తోమే ఉద్యోగాలని ఇంటికొచ్చి నేను ఇంకా వేళాకోళం చేశాను. ఆయన మాత్రం జేబులోని సుద్దముక్క తీసి కొలిమి పక్కన పెట్టేశాడు.

ఇంక ఆ రోజు సంగతి. ఏడాదిలో అతి పెద్ద రేసు, మధ్యాహ్నం మూడింటికి. పిచ్చిక ఎక్కబోయేది బూడిదరంగు ఆడగుర్రం. దాన్ని ముద్దుగా బూడిదమ్మ అనేవాళ్ళం. పొద్దున ఆరింటికి మా బావ దానికి పరుగుకి వేసే తేలిక లాడాలు కొడుతున్నాడు. ముందరి కుడికాలికి ఏడు మేకులు దిగాయి. ఎనిమిదోది పట్టుకున్నాడు. గోడ మీద కూర్చుని ఎవడో ఫోను చాచి, "పెద్దాయనా, ఇవాళ ఏ తలుపు? సగం నీకు, సగం నాకు" అని అరిచాడు. మా బావకి ఎన్నడూ రాని కోపం వచ్చింది. "దిగుతావా, సుత్తి విసరమంటావా!" అని అటు తిరిగి, ఆ కోపంతోనే దెబ్బ వేశాడు. శబ్దం అణిగింది. బూడిదమ్మ చెవులొకసారి వెనక్కి పెట్టి మళ్ళీ మామూలైపోయింది. ఆయన గిట్ట చుట్టూ తట్టి చూశాడు, గుర్రం కదల్లేదు. తన కోపానికి చెవి మొద్దుబారిందనుకుని మేకు కొన విరిచి మడిచేశాడు. ఎనిమిదింటికి డాక్టరు వచ్చి దాన్ని నడిపించి చూసి సంతకం పెట్టాడు.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. పన్నెండుంబావుకి బల్ల దగ్గర ఆయన భోజనం చేస్తున్నాడు. నేను ఒక పట్టీకి చిల్లులు కొడుతున్నాను. తోలు ఒకచోట రెండు మడతలైంది, చూసుకోకుండా దాని మీద కొట్టాను.

"బావా, మళ్ళీ కొట్టు" అన్నాడు.

"ఏం?"

"మళ్ళీ కొట్టు."

కొట్టాను. ఆయన చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. "పొద్దున విన్నది ఇదే. ఎనిమిదో మేకు లోపలికి పోయింది. నేనే కొట్టాను" అన్నాడు. "దాన్ని ఆపాలి. పిల్లని దించాలి."

లేచి పరిగెత్తాం. ఆయన చెయ్యి కూడా కడుక్కోలేదు.

గేటు దగ్గర కాపలావాడు పదిహేనేళ్ళుగా ఎరిగినవాడు. చేతులు జోడించాడు. "పన్నెండు దాటింది లాడాలాయనా. పైన కెమెరా ఉంది. మిమ్మల్ని వదిలితే నా ఉద్యోగం పోతుంది." నేను వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వాడు తలొంచుకుని పడ్డాడు గానీ గొలుసు తియ్యలేదు.

ట్రైనరుకి ఫోను చేశాం. ఆయన చెడ్డవాడేమీ కాదు, భయస్థుడు. "ఈ ఫోను రికార్డవుతోంది, చూసుకుని మాట్లాడండి" అన్నాడు ముందుగా. మా బావ చెప్పింది చివరిదాకా విన్నాడు. తర్వాత అన్నాడు: "పొద్దున్నుంచి నాకిది తొమ్మిదో ఫోను. ఒకడు కడుపునొప్పంటాడు, ఒకడు కాలునొప్పంటాడు. డాక్టరు సంతకం పెట్టిన గుర్రాన్ని మీ మాట మీద ఆపితే, దాని ఓటమి మీద నేనెంత కాశానని అడుగుతారు. కాగితం రాసివ్వండి. నన్ను ఇందులోకి లాగకండి." పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

నిఘా ఆఫీసులో వరస. మా వంతు వచ్చేసరికి రెండు దాటింది. బల్ల వెనక అమ్మాయి, ఎదురుగా కాగితాల దొంతర. మా బావ ఫారం నింపాడు. 'మీకు ఈ విషయం ఎలా తెలిసింది' అన్న చోట 'శబ్దం' అని రాశాడు.

"శబ్దం అంటే ఏంటండీ?" అంది ఆ అమ్మాయి.

"మేకు శబ్దం తల్లీ. నేనే కొట్టాను. నాదే తప్పు. ఆ ఒక్క మేకు పీకి, ఇవాళ పరిగెత్తించకుండా ఉంటే చాలు."

"ఫొటో గానీ వీడియో గానీ ఉందా?"

"శబ్దానికి ఫొటో ఏంటమ్మా!" అని నేను అరిచాను.

"అరవకండి బాబాయ్. ఇవాళ మీది అరవై నాలుగోది. గుర్రం మీద పందెం ధర మార్చడానికి అందరూ ఏదో ఒకటి రాస్తున్నారు. అర్జెంటు కింద వెళ్ళాలంటే డాక్టరు సంతకం కావాలి."

"డాక్టరెక్కడ?"

"లోపలి ఆవరణలో."

ఆవరణలోకి మేము వెళ్ళకూడదు. మేం వెళ్ళకుండా సంతకం రాదు. మా బావ ఆ అమ్మాయి ముందు చేతులు జోడించి, "మా మేనకోడలు ఎక్కుతోందమ్మా" అన్నాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు చెప్పాలి. అయినా కాగితం మీద ముద్ర గుద్ది దొంతర అడుగున పెట్టింది.

గుర్రాలు పరుగు మొదలయ్యే చోటికి వెళ్ళే దారి పక్కన ఇనుప కంచె ఉంది. జనాన్ని తోసుకుని అక్కడికి చేరాం. పూర్వం గెలువు గెలువు అని అరిచేవాళ్ళు. ఇప్పుడు సగం మంది ఫోనులు ఊపుతూ పడిపో పడిపో అని అరుస్తున్నారు. పసుపు చొక్కా వేసుకుని మా పిల్ల వస్తోంది. నాకు గుర్రం అడుగులో ఏ తేడా కనపడలేదు. మా బావ నా భుజం పట్టుకుని, "కుడికాలు పొట్టిగా వేస్తోంది" అన్నాడు. ఇద్దరం గొంతు చించుకున్నాం. దిగిపోవే, దిగిపోవే అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆ హోరులో నా మాట నాకే వినపడలేదు.

అప్పుడు మా బావ కంచె ఎక్కాడు. అరవై ఏళ్ళ మనిషి. ఒక చేత్తో ఇనుము పట్టుకుని, రెండో చేత్తో గాల్లో పెద్ద అర్ధచంద్రుణ్ణి గీసి అడ్డంగా కోశాడు. మళ్ళీ గీశాడు, మళ్ళీ కోశాడు. పిచ్చిక చూసింది. నా కళ్ళారా చూశాను, చూసింది. చూసి, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. అమావాస్య లేని చంద్రుడి హాస్యం అనుకుంది. రెండు వేళ్ళు పైకెత్తి గాల్లో ముట్టుకున్నట్టు చేసి, ముందుకు వెళ్ళిపోయింది.

మా బావ కంచె దిగాడు. నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. ఆయన మాత్రం చటుక్కున నెమ్మదించాడు. "బావా, ఆ ఇస్త్రీ చొక్కావాడు ఏమన్నాడు? గంట మోగుతుందనే కదా?" అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నేను కాస్తాను. నాకూ లైసెన్సుంది, జీను నాదే" అన్నాను.

"తండ్రి కాస్తే నింద పిల్ల మీదికీ పోతుంది. నేను కాస్తే లాడంతో ఆగుతుంది" అన్నాడు.

నేను ఇంకోసారి అడగలేదు. ఆ మాటకి నాలో ఎక్కడో ఊరట కలిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నేను అద్దంలో చూసుకోలేను.

కౌంటరు దగ్గర ఆయన జేబులో ఉన్నదంతా తీసి పెట్టాడు. "నాలుగో నంబరు. బూడిదది. ఓడుతుందని" అన్నాడు. లోపలున్నవాడు గుర్తింపు కార్డు అడిగాడు. ఈయన తన లైసెన్సు కార్డే ఇచ్చాడు. వాడు దాన్ని చూసి, ఈయన్ని చూసి, గొంతు తగ్గించి, "పెద్దాయనా, ఇది కాదు. ఇంకో కార్డేదైనా ఇవ్వండి, నేను చూడనట్టు ఉంటాను" అన్నాడు. దయ తలిచాననుకున్నాడు పాపం. "నాకు ఉన్నది ఇదే బాబూ. తొందరగా కొట్టు" అన్నాడు మా బావ.

చీటీ వచ్చింది. గంట వినపడలేదు. పైన పెద్ద తెర మీద గుర్రాలు ఒక్కొక్కటే పరుగు మొదలయ్యే ఇనుపగూళ్ళలోకి దూరుతున్నాయి. మూడు దూరాయి. ఐదు దూరాయి. బూడిదమ్మని కూడా దూర్చి వెనక తలుపు వేశారు. మా బావ చీటీ పట్టుకున్న చెయ్యి తెర వైపు చాపి నిలబడ్డాడు, ఎవరికో చూపిస్తున్నట్టు. నేను తెలిసిన దేవుళ్ళకీ తెలియని దేవుళ్ళకీ మొక్కాను. ఏడో గుర్రం దూరింది. ఇక ఒక్కటే మిగిలింది.

అప్పుడు మైకులో చెప్పారు. నాలుగో నంబరు గుర్రాన్ని అధికారులు వెనక్కి పిలిచారని.

జనం బూతులు లంకించుకున్నారు. తెర మీద పసుపు చొక్కా కిందికి దిగడం కనపడింది. పిల్ల రెండు కాళ్ళ మీద నేల మీద నిలబడింది. అయోమయంగా పగ్గం పట్టుకుని నడిపించుకొస్తుంటే, సగం దారికి వచ్చేసరికి బూడిదమ్మ కుడికాలు నేలకి ఆనించడం మానేసింది. మూడు కాళ్ళ మీద గెంతుకుంటూ వచ్చింది. మా బావ అక్కడే నేల మీద కూలబడ్డాడు. "ఎనిమిదోది ముందు పీకమను బావా. బయటివైపు, మడమ దగ్గరది. దానికి నొప్పిగా ఉంటుంది" అన్నాడు. నేను వెళ్ళబోయేలోపే నలుగురు వచ్చి ఆయన్ని లేపి తీసుకుపోయారు.

విచారణ తొమ్మిదో రోజున. ముందురోజు తన గదిలో నా చేత ఒట్టు వేయించుకున్నాడు. కంచె మీద ఆయన గుర్తు చెయ్యడం, పిల్ల రెండు వేళ్ళు ఎత్తడం కెమెరాలో పడింది. తను హెచ్చరించానని ఆయన చెబితే, కబురు అందినా ఎవరికీ చెప్పకుండా గుర్రం నడిపిందని పిచ్చిక మీద పడుతుంది. హాస్యమనుకుందంటే నమ్మేవాడెవడు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. "నువ్వు నోరు తెరిస్తే నేను కాసింది దండగవుతుంది" అన్నాడు.

బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఆ మేకు. దానికంటిన తడి ఎండి నల్లగా ఉంది. ముగ్గురు పెద్దమనుషులు అడిగారు.

"ఈ మేకు మీరే కొట్టారా?"

"నేనేనండి."

"తప్పు దిగిందని తెలుసా?"

"తెలుసండి."

"తెలిసే ఆ గుర్రం ఓడుతుందని కాశారా?"

"తెలిసేనండి."

"కంచె ఎక్కి గాల్లో ఏం గీశారు?"

"చెయ్యి తిమ్మిరెక్కిందండి. విదిలించాను."

నిఘా ఆఫీసులో ఇచ్చిన ఫారం గురించి ఒకాయన అడిగాడు. అది కూడా పందెం ధర మార్చడానికే అయి ఉంటుందని ఇంకొకాయన తేల్చేశాడు. నేను వెనక బెంచీ మీద కూర్చుని నా అరచెయ్యి నేనే కొరుక్కున్నాను. పంటి గాటు ఇంకా ఉంది.

గుర్రాన్ని కావాలని కుంటిదాన్ని చేసి, దాని ఓటమి మీద, అదీ సొంత మేనకోడలు ఎక్కిన గుర్రం మీద పందెం కాసిన నేరానికి లైసెన్సు శాశ్వతంగా రద్దన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకొకటి చదివారు. లైసెన్సున్న వాళ్ళెవరూ ఇక ఆయనతో కలిసి ఉండకూడదు, ఆయన ఇంట్లో అడుగు పెట్టకూడదు, మాట్లాడకూడదు. మీరితే వాళ్ళ లైసెన్సూ పోతుంది. మా ఇంట్లో లైసెన్సులు రెండు. నాదీ, పిచ్చికదీ.

పిచ్చికకి నేను ఆ సాయంత్రమే అంతా చెప్పేశాను. ఒట్టు విచారణలో నోరెత్తనని, కూతురితో చెప్పనని కాదు. అది ఏడవలేదు. రెండు వేళ్ళు ఎత్తిన ఆ చేతిని అలా చూసుకుంటూ కూర్చుంది. తర్వాత లేచి లైసెన్సు కార్డు కత్తిరించేస్తానని కత్తెర తీసుకుంది. లైసెన్సు లేనిది నా భార్య ఒక్కతే కాబట్టి ఆమె పరిగెత్తి వెళ్ళి అన్నకి చెప్పింది. "అది కత్తిరించేస్తే ఇక నేను చేసింది దేనికి చెల్లెమ్మా" అన్నాడట. ఆ మాట విని పిచ్చిక కత్తెర కింద పెట్టింది.

ఇప్పుడు నా పక్క షెడ్డు ఖాళీ. బల్ల మీద ఒక్కణ్ణే తింటున్నాను. లాడాలు కొట్టడానికి కొత్తవాడొచ్చాడు. పనివాడే, కానీ కొడుతున్నంతసేపూ చెవుల్లో పాటలు పెట్టుకుంటాడు. పిచ్చిక గుర్రమెక్కిన ప్రతిసారీ నేను కళ్ళు మూసుకుంటాను.

మా బావ అచ్చాఫీసు వెనక సందులో ఒక గదిలో ఉంటున్నాడు. రెండు నెలల తర్వాత ఒక పొద్దున, ప్రాక్టీసుకని బయల్దేరిన పిచ్చిక ఆ సందులోకి వెళ్ళిందట. లైసెన్సు పోతే పోనీ, మావయ్య కాళ్ళ మీద పడాలనుకుని ఉంటుంది. తలుపు వేసి ఉంది. తలుపు మీద సుద్దతో అర్ధచంద్రుడు, దాని మీద అడ్డగీత. మేనకోడలు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఆయనకి తెలుసు. మా ఇంటి పిల్ల ఆ గీత దాటదని కూడా తెలుసు.

ఇది పిచ్చిక నాకు చెప్పలేదు, అచ్చాఫీసువాళ్ళు చూసి చెప్పారు. ఆ రోజు దాని జీను పట్టీ బిగిస్తుంటే కుడిచేతి రెండు వేళ్ళకి తెల్లగా సుద్ద కనపడింది. నేనేమీ అడగలేదు, మా దగ్గర ఆ గీత సంగతి అడగకూడదు.

నా భార్య ప్రతి ఆదివారం అన్న దగ్గరికి వెళ్ళొస్తుంది. "అన్నయ్య తలుపు మీద ఆ గుర్తు వారం వారం చెరిగిపోతోందండీ, మళ్ళీ గీస్తున్నాడు. గాలికేమో అన్నాను. నవ్వి ఊరుకున్నాడు" అంది మొన్న. మనిషి చిక్కిపోయాడట. వచ్చే ఆదివారం ఏమైనా తెమ్మన్నాడా అని అడిగాను. సుద్దముక్కలు అయిపోయాయి, ఒక పెట్టె తెమ్మన్నాడంది.